ఆర్వీ-14 తోక కిట్టుకి ఏ ప్రైమర్? (హ్యూస్టన్ దక్షిణం, గల్ఫ్ తీరానికి 30 మైళ్లు)

తోకతో మొదలు:
అందరికీ నమస్కారం. ఇంట్లోనే కట్టుకునే చిన్న విమానం వాన్స్ ఆర్వీ-14 తోక కిట్టు పెట్టె విప్పాను. పని ఇంటి గ్యారేజీలో. పూర్తయ్యాక విమానం మూసి ఉన్న హ్యాంగర్లోనే ఉంటుంది, కానీ అక్కడ ఏసీ ఉండదు, ఏడాదిలో ఎనిమిది నెలలు చెమట వాతావరణమే. ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా లోహం మీద కొట్టే అడుగు పూత విషయంలో నా ముందు నాలుగు దారులున్నాయి. ఆల్క్లాడ్ (పైన స్వచ్ఛ అల్యూమినియం పొర ఉన్న) షీట్లకి ఏమీ కొట్టకుండా వదిలేయడం. స్ప్రే డబ్బాలో వచ్చే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ. ఆసిడ్‌తో కడిగి, ఆలోడైన్ (లోహం మీద క్రోమియం పొర కట్టించే రసాయనం) చేసి, దానిమీద ఎపాక్సీ. ఏది ఎందుకో కారణంతో చెబితే మేలు. ఖర్చు కన్నా బరువు, టైము నాకు ముఖ్యం.

హ్యాంగర్ మూల:
మొదలైందన్నా ప్రైమర్ పంచాయితీ. కుర్చీ ఏసుకుని కూసుంటున్న.

తుప్పు డాక్టర్:
బ్రాండు సంగతి తర్వాత చూద్దాం. ముందు చేతిలో ఉన్న ముక్క ఏ లోహమో తెలుసుకోండి. కిట్టులో స్కిన్లు (పై రేకులు), రిబ్బులు (లోపలి పక్కటెముకలు) ఎక్కువ భాగం 2024-టీ3 అనే అల్యూమినియం మిశ్రమం, ఆల్క్లాడ్ రకం. యాంగిళ్లు, బార్లు, కొన్ని స్పేసర్లు 6061-టీ6 అనే ఇంకో మిశ్రమం, వాటికి క్లాడ్ అనే పై పొర ఉండదు. 2024లో రాగి దాదాపు నాలుగున్నర శాతం. బలం ఇచ్చేది ఆ రాగే, తడి తగిలితే కొంప ముంచేదీ ఆ రాగే. అందుకే దానికి రెండు వైపులా దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికిస్తారు. పల్చని షీట్లలో ఆ పొర ఒక్కో వైపు మొత్తం మందంలో 5 శాతం. అంటే 0.032 అంగుళాల షీటుకి ఒక్కో వైపు సుమారు 40 మైక్రాన్లు, 0.020 షీటుకి 25 మైక్రాన్లు. పొర మీద సన్నటి గీత పడినా ఫరవాలేదు, చుట్టూ ఉన్న స్వచ్ఛ అల్యూమినియం తాను కరిగిపోతూ లోపలి 2024ని కాపాడుతుంది. కానీ కోసిన అంచు దగ్గర, రంధ్రం గోడల్లో, డ్రిల్లు జారి లోతుగా గీరిన చోట లోపలి లోహం బయటపడే ఉంటుంది.

ఏ ముక్క ఏదో తేలకపోతే ఒక చిన్న పరీక్ష. పనికిరాని తునక తీసుకుని ఒక చోట లోతుగా గీరండి. 10 శాతం కాస్టిక్ సోడా నీళ్లు ఒక చుక్క వేసి అయిదు నిమిషాలు ఆగి కడగండి. రాగి ఉన్న లోహం నల్లబడుతుంది. క్లాడ్ మిగిలిన చోట తెల్లగానే ఉంటుంది. 6061 నల్లబడదు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. కిట్టు ముక్కల మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

ఈ లెక్కన క్లాడ్ లేనివాటికి ప్రైమర్ తప్పదు. కిట్టు మాన్యువల్ చెప్పేదీ అదే. వాదన అంతా మిగిలిన ఆల్క్లాడ్ గురించే.

ఆల్క్లాడ్ చాలు:
ఆ వాదనలో నా వైపు ఇది. అరవైలు, డెబ్బైల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెస్నా 172లలో చాలావాటికి రెక్కల లోపల ప్రైమరే లేదు. ఇప్పటికీ ఎగురుతున్నాయి.

బరువు లెక్క కూడా వేసుకోండి. లోపలి ఉపరితలం రెండు వైపులా కలిపి 80 చదరపు మీటర్లు అనుకుందాం. ఎండిన పొర 20 మైక్రాన్లయితే 1.6 లీటర్ల ఘనపదార్థం, సాంద్రత 1.4 వేసుకుంటే 2.2 కిలోలు. ఇది చెయ్యి తిరిగినవాడి లెక్క. గ్యారేజీలో కొత్తగా గన్ పట్టినవాళ్లు "ఇక్కడ పల్చగా ఉంది" అని ఇంకో చేయి, "ఇక్కడా" అని మరో చేయి వేస్తారు. పొర 50 మైక్రాన్లకి చేరిందంటే అయిదున్నర కిలోలు. అంటే ఇంచుమించు ఏడున్నర లీటర్ల పెట్రోలు బరువు జీవితాంతం మోయడమే.

బకింగ్ బార్:
ఎగురుతున్న సెస్నాలే మీకు కనబడతాయి. స్పార్ క్యాప్ (రెక్క దూలం అంచు) పొరలు పొరలుగా విచ్చుకుని స్క్రాప్ యార్డుకి పోయినవి కనబడవు కదా. పైగా అదే సెస్నాకి చక్రాల బదులు ఫ్లోట్లు బిగించి నీళ్ల మీద దించాలంటే లోపల ప్రైమర్ కొట్టించుకునేవారు. ఊరికే కాదు.

నా మాట: రెండు భాగాల ఎపాక్సీ, అన్నిటికీ. ముఖ్యంగా ఫేయింగ్ సర్ఫేసెస్, అంటే ఒకదానిమీద ఒకటి కూర్చుని రివెట్ అయ్యే చోట్లు. రిబ్ అంచు స్కిన్‌ని తాకే గీత ఉంది చూశారూ, తడి ముందు దూరేది అక్కడే, చివరగా ఆరేదీ అక్కడే. రెండు లోహపు ముఖాల మధ్య జుట్టు మందం సందులో నీరు నిలిస్తే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, బయటి అంచున ఉంటుంది. ఆ తేడాయే చిన్న బ్యాటరీలా పనిచేసి లోపలి లోహాన్ని తినేస్తుంది. రివెట్ చేశాక అక్కడికి ఏ బ్రష్షూ వెళ్లదు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు కాబట్టి బయటికి తెలియనూ తెలియదు. రివెట్ తలల మధ్య స్కిన్ కొంచెం ఉబ్బి దిండులా కనబడిందంటే లోపల తెల్ల పొడి పేరుకున్నట్టే.

1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానానికి పైకప్పు ఎగిరిపోయింది కూడా ల్యాప్ జాయింట్ల దగ్గరే, అంటే రేకు మీద రేకు ఎక్కే అతుకుల దగ్గరే.

తుప్పు డాక్టర్:
అలోహా ఉదాహరణ ఇక్కడ అతకదండీ. ఆ 737లో ల్యాప్ జాయింట్లు జిగురుతో అతికించినవి. ఆ అతుకు విడిపోయాక తుప్పు పట్టింది, భారమంతా రివెట్ల మీద పడి రంధ్రాల చుట్టూ పగుళ్లు లేచాయి. దాదాపు 90 వేల సార్లు గాలి నింపి దింపిన ప్రెషరైజ్డ్ బాడీ అది. మన విమానాల్లో ప్రెషరైజేషన్ లేదు. సందులో తుప్పు గురించి మీరన్నది మాత్రం అక్షరాలా నిజం.

బకింగ్ బార్:
ఒప్పుకుంటున్నా.

తోకతో మొదలు:
డబ్బా స్ప్రే గురించి ఎవరూ అనలేదు. షెర్విన్ విలియమ్స్ జీబీపీ 988, నాపా 7220 చాలామంది వాడుతున్నారు. పావుగంటలో ఆరుతుంది, గన్ కడిగే బాధ లేదు. ఇంకో ప్రశ్న: ఆకుపచ్చగా ఉండేవన్నీ జింక్ క్రోమేటేనా?

తుప్పు డాక్టర్:
రంగు చూసి మోసపోవద్దు. పచ్చ రంగు ఎవరైనా కలపొచ్చు. డబ్బా వెనక భద్రతా షీటులో స్ట్రాన్షియం క్రోమేట్ అనో జింక్ క్రోమేట్ అనో ఉంటేనే క్రోమేట్. ఎందుకు ముఖ్యమంటే, క్రోమేట్ ఉన్న పొరకి గీత పడితే తడిలో ఆ ఉప్పు కొద్దికొద్దిగా కరిగి గీతలోకి చేరి లోహాన్ని శాంతపరుస్తుంది. క్రోమేట్ లేని ఎపాక్సీ గోడలాంటిది. గోడ ఉన్నంతవరకే రక్షణ.

దానికి మూల్యమూ ఉంది. క్రోమేట్‌లో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. అమెరికాలో పని చోట్ల గాలిలో దాని పరిమితి క్యూబిక్ మీటరుకి 5 మైక్రోగ్రాములు. ఆ ప్రైమర్‌ని ఎండాక కాగితంతో రుద్దితే లేచే దుమ్మూ అంతే ప్రమాదం. పిల్లలు సైకిళ్లు పెట్టుకునే గ్యారేజీలో క్రోమేట్ స్ప్రే చేయమని నేను చెప్పను.

ఇక సెల్ఫ్ ఎచింగ్. ఇందులో ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉంటుంది, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. పట్టు బావుంటుంది కానీ పొర పల్చన, చిల్లులమయం, తడి లోపలికి ఇంకుతుంది. ఎంఈకే అనే ద్రావణిలో ముంచిన గుడ్డతో తుడిస్తే లేచిపోతుంది. అది పై పూత కింద ఉండటానికి పుట్టిన సరుకు. లోపలి ఆల్క్లాడ్‌కి, ఏమీ లేకపోవడం కన్నా కొంత నయం. తడి నిలిచే చోట ఒంటరిగా దాన్ని నమ్ముకోవద్దు. దానిమీద ఎపాక్సీ కొడదామనుకుంటే ఆ ఎపాక్సీ కంపెనీ షీటు ముందు చదవండి. ఎపాక్సీని గట్టిపరిచే అమైన్‌ని కింది ఆసిడ్ చంపేస్తుంది కాబట్టి చాలా కంపెనీలు వద్దనే రాస్తాయి. రెండూ కలిపి కొడితే రక్షణ రెట్టింపు అవుతుందనుకోవడం పొరపాటు.

మెరూన్ ప్యాడ్:
ఏ డబ్బా కొన్నా అసలు పని అది తెరవకముందే జరగాలి. ఊడిపోయే ప్రైమర్‌లో నూటికి తొంభై మురికి లోహం మీద కొట్టిందే అని నా అంచనా.

వరస ఇలా పెట్టుకోండి. రంధ్రాలు చివరి సైజుకి తీయడం, అంచులు బర్ (కోసినప్పుడు లేచే గరుకు) లేకుండా చేయడం, డింపుల్ కొట్టడం (రివెట్ తల దిగేలా రంధ్రం అంచుని నొక్కడం), ఇవన్నీ ప్రైమర్‌కి ముందే. ప్రైమర్ కొట్టాక డింపుల్ చేస్తే గిన్నెలా వంగిన చోట పొర పగులుతుంది. తర్వాత జిడ్డు తీయడం, అసిటోన్‌తోనో ఎంఈకేతోనో. రెండు గుడ్డలు కావాలి. ఒకటి తడిది, ఇంకోటి పొడిది. తడి గుడ్డతో తుడిచి ద్రావణి ఆవిరయ్యేలోపు పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఊరికే ఆరనిస్తే జిడ్డు చోటు మారుతుందంతే, పోదు. ముందు జిడ్డు తీయకుండా రుద్దారంటే ఆ జిడ్డుని గీతల్లోకి కూరినట్టే.

తర్వాత 3ఎం 7447 మెరూన్ ప్యాడ్, నీళ్లు, కొంచెం సబ్బు. మెరుపు పోయి మసక రావాలి, అంతే. పైన డాక్టర్ గారు చెప్పిన 25 మైక్రాన్లు గుర్తుపెట్టుకోండి. డ్రిల్లుకి డిస్క్ తగిలించి గీకితే క్లాడ్ నీళ్లలో కలిసిపోతుంది. స్టీల్ ఊల్, ఇనప బ్రష్ దగ్గరికి రానివ్వద్దు. ఇనప రజను అల్యూమినియంలో దిగబడి ఒక్కో రేణువూ ఒక్కో తుప్పు గుంటకి విత్తనమవుతుంది.

కడిగాక పరీక్ష: ముక్కని ఏటవాలుగా పట్టుకుని మంచినీళ్లు పోయండి. నీరు తెగకుండా దుప్పటిలా అర నిమిషం నిలిస్తే శుభ్రం. తామరాకు మీద నీళ్లలా ముత్యాలు కట్టిందా, మళ్లీ మొదటికి. ఇక్కణ్నుంచి నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. వేలిముద్ర పడ్డ చోట ప్రైమర్ కింద రెండేళ్లకి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది.

గుర్తులు పెట్టడానికి పెన్సిల్ వద్దు. గ్రాఫైట్ పక్కన అల్యూమినియం నిలవదు. షార్పీ వాడొచ్చు కానీ ప్రైమర్‌కి ముందు పూర్తిగా తుడిచేయండి. ఎర్ర సిరా పైకి పాకి తెల్ల పెయింటులో గులాబీ గీతగా తేలుతుంది.

హ్యాంగర్ మూల:
గిన్నె సబ్బుతోటి కడిగినా నడుస్తదా? సింపుల్ గ్రీన్ ఉంది నా దగ్గర.

మెరూన్ ప్యాడ్:
గిన్నెల సబ్బు నడుస్తుంది, బాగా నీళ్లు పోసి కడగాలి. మామూలు సింపుల్ గ్రీన్‌లో అల్యూమినియం నాననీయొద్దు. విమానాలకోసం వేరే రకం అమ్ముతారు, అది తీసుకోండి.

రెండో కోటు:
నాలుగో దారి, అంటే ఆలోడైన్ సంగతి. ముందు ఆలుమిప్రెప్ 33 అనే ఆసిడ్, ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు. రెండు నుంచి అయిదు నిమిషాలు ముక్క తడిగానే ఉంచి రుద్ది, కడగాలి. ఆరనివ్వకుండా వెంటనే ఆలోడైన్ 1201, అదీ రెండు నుంచి అయిదు నిమిషాలు. లేత బంగారు రంగు రాగానే కడిగేయండి. ముదురు గోధుమ రంగు వచ్చి వేలికి పొడి అంటిందంటే ఎక్కువసేపు ఉంచారన్నమాట, ఆ పొడి మీద ఏ ప్రైమరూ నిలవదు. కొత్త పొర జెల్లీలాంటిది, రుద్దకుండా ఆరబెట్టండి. హీట్ గన్ పెట్టొద్దు. 60 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పొర నీరంతా కోల్పోయి చిట్లి, దాని గుణం పోతుంది.

ముఖ్యమైనది: ఆలోడైన్ తుడిచిన గుడ్డలు, కాగితాలు ఎండితే నిప్పంటుకునే ప్రమాదముంది. చెత్తబుట్టలో వేసే ముందు నీళ్లలో బాగా జాడించాలి. జాడించిన నీళ్లలో క్రోమియం ఉంటుంది, దాన్ని పెరట్లో పారబోయొద్దు. కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రం తీసుకుంటుంది.

ఒక్కో బ్యాచ్‌కి టబ్బులు, నీళ్లు, ఆరబెట్టడం కలిపి పూట గడిచిపోతుంది. సముద్రం మీద దిగే విమానం అయితే చేస్తాను. హ్యాంగర్లో ఉండే ఆర్వీకి క్లాడ్ లేని ముక్కల వరకు చాలు అంటాను.

తోకతో మొదలు:
సరే, ఎపాక్సీ వైపే మొగ్గుతున్నాను. ఎంత కలపాలి? ఇక్కడి ఉక్కపోతలో కొట్టొచ్చా?

బకింగ్ బార్:
లెక్క సులువు. 20 మైక్రాన్ల ఎండిన పొరకి చదరపు మీటరుకి 20 మి.లీ. ఘనపదార్థం కావాలి. ఎపాక్సీలో ఘనం సుమారు 40 శాతం అనుకుంటే 50 మి.లీ. తడి ప్రైమర్. గన్ నుంచి సగం గాల్లోకి పోతుంది. కాబట్టి చదరపు మీటరుకి 100 మి.లీ. కలిపితే సరిపోతుంది. మిలిటరీ స్పెసిఫికేషన్ ఎపాక్సీలకి ఉండే 0.6 నుంచి 0.9 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు), అంటే 15 నుంచి 23 మైక్రాన్లు, ఇదే. కింద లోహపు ఛాయ లీలగా కనబడుతుంటే మందం సరిగ్గా ఉన్నట్టు. పూర్తిగా కప్పేయాలని చూడకండి. గన్ హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే రకం), నాజిల్ 1.3 లేదా 1.4 మి.మీ.

డబ్బా కదపడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. తుప్పుని ఆపే పిగ్మెంటు బరువైనది, అడుగున గట్టిగా పేరుకుంటుంది. పైపైన కలిపి పోస్తే మీరు కొట్టేది రంగు నీళ్ల ఎపాక్సీ. చెక్క పుల్లతో అడుగు గీకి, గడ్డ తగలనంతవరకు తిప్పండి. అక్జోనోబెల్ 463-12-8 లాంటివాటిలో రెండు భాగాలూ సమానంగా కలిపి అరగంట ఆగాలి. ఆ అరగంట ఆగకుండా కొడితే పొర జిడ్డుగా ఉండిపోతుంది. మీరు కొన్న డబ్బాకి వచ్చిన షీటు వేరేలా చెబితే అదే చేయండి.

ఉక్కపోత: చూడాల్సింది గాలి వేడి కాదు, రేకు వేడి. రేకు మంచుబిందు స్థానం (గాలిలో తేమ నీరుగా కట్టే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఉదాహరణకి గాలి 30 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే మంచుబిందువు దాదాపు 24. పొద్దున్నే కాంక్రీటు నేల మీద ఉన్న రేకు 25 ఉంటే కంటికి కనపడని తడి పొర మీద స్ప్రే చేస్తున్నట్టే. రేకు 27 దాటేదాకా ఆగండి. మధ్యాహ్నం మూడింటికి మీ వైపు సాధారణంగా కుదురుతుంది. కంప్రెసర్ గొట్టానికి నీరు పట్టే ఫిల్టర్ గన్ దగ్గర పెట్టండి, ట్యాంకు దగ్గర కాదు. గొట్టంలో చల్లబడ్డాకే నీరు కడుతుంది.

ఆల్క్లాడ్ చాలు:
వాసన పడకపోతే నీటితో పలచబరిచే ఎపాక్సీలు కూడా ఉన్నాయి, స్టీవర్ట్ సిస్టమ్స్ ఎకోపాక్సీ లాంటివి. అవి మురికిని అసలు క్షమించవు. మెరూన్ ప్యాడ్ గారి నీటి పరీక్ష పాస్ కాని ముక్క మీద కొట్టి లాభం లేదు. దేనికైనా మాస్క్ మామూలు గుడ్డది కాదు, ద్రావణి ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్, దాని ముందు సన్న తుంపరని పట్టే పీ100 ఫిల్టర్.

నా పక్షాన ఒక్క మాట: అన్నీ కొట్టాలన్న పట్టుదలతో మూడేళ్ల పనిని అయిదేళ్లు చేసుకోకండి. సగంలో ఆగిన కిట్టుకి ఏ ప్రైమర్ ఉన్నా ఒకటే.

రెండో కోటు:
ప్రైమర్ కొట్టకూడని చోట్లు ఎవరూ చెప్పలేదు. పెట్రోలు ట్యాంకు లోపల అస్సలు వద్దు. సీలెంట్ లోహాన్ని పట్టుకోవాలి, ప్రైమర్‌ని కాదు. ప్రైమర్ ఊడితే సీలెంట్ దానితోపాటే వచ్చి లీకవుతుంది, పెంకులు ఫిల్టర్లో చేరతాయి. రిబ్ అంచుల్లో ట్యాంకు వైపు గీసి టేపు వేసుకోండి. ఎర్త్ బిగించే చోట్లు కూడా వదిలేయాలి. ఎపాక్సీ కరెంటుని ఆపేస్తుంది, తర్వాత లైటు మినుకుమినుకుమంటుంటే రోజంతా వైర్లు వెతుక్కుంటారు.

తప్పక కొట్టాల్సింది ఇనుము అల్యూమినియం కలిసే ప్రతి చోటు. 4130 స్టీల్ బ్రాకెట్లు కిట్టులో పౌడర్ కోటింగ్‌తో వస్తాయి, కానీ బోల్టు రంధ్రం రీమ్ చేస్తే (సరైన సైజుకి చెక్కితే) లోపలి స్టీల్ బయటపడుతుంది. అక్కడ బ్రష్‌తో ఎపాక్సీ రాసి, తడి ఉండగానే బిగించండి.

హ్యాంగర్ మూల:
ఎలుకల ముచ్చట మర్చిపోయిన్రు. తోకల గూడు పెడ్తయ్. వాటి ఉచ్చకు ఆల్క్లాడ్ గూడ ఆగదు. తోక కొసకు ఉన్న తూట్లు మూసి పెట్టుర్రి, నీళ్లు పోయే డ్రెయిన్ తూటు మాత్రం మూయకుర్రి.

తోకతో మొదలు:
అందరికీ ధన్యవాదాలు. నా నిర్ణయం: క్లాడ్ లేని ముక్కలన్నిటికీ, ఆల్క్లాడ్‌లో ఒకదానిమీద ఒకటి కూర్చునే ముఖాలకీ, కోసిన అంచులకీ క్రోమేట్ లేని ఎపాక్సీ. స్కిన్ల లోపల మిగతా భాగం ఖాళీ. రిబ్ కూర్చునే గీత వెంట అంగుళంన్నర వెడల్పు పట్టీలా కొడతాను. పని అయ్యాక మిగిలిన చోట తుప్పుని ఆపే నూనె ఏసీఎఫ్-50 కొట్టొచ్చు కదా?

తుప్పు డాక్టర్:
మీ పరిస్థితికి సరైన ప్లాన్. ఏసీఎఫ్-50 మాత్రం బయటి పెయింటు అయ్యాకే. అది సందుల్లోకి పాకడానికే పుట్టిన నూనె, రివెట్ తలల చుట్టూ బయటికి కారుతుంది. పెయింటుకి ముందు కొడితే ఆ చోటల్లా పెయింటు పట్టక చేపకళ్లలాంటి గుంటలు వేస్తుంది. ఆ తర్వాత రెండేళ్లకోసారి మళ్లీ కొట్టాలి. పట్టీ అంచుకి మాస్కింగ్ టేపు వేస్తే ఎపాక్సీ పూర్తిగా గట్టిపడకముందే తీసేయండి, లేకపోతే అంచు రంపపు పళ్లలా వస్తుంది.

తోకతో మొదలు:
ఆఖరి ప్రశ్న. షీట్ల మీద నీలం వినైల్ ఉంది. గీతలు పడకుండా బయటి వైపు చివరిదాకా ఉంచొచ్చా?

మెరూన్ ప్యాడ్:
వద్దు. నెలల తరబడి ఉంటే దాని కింద తడి చేరి మరకలు పడతాయి, జిగురు కూడా గట్టిపడి ఊడిరాదు. మీ తేమలో ఇంకా త్వరగా. గీతల భయం ఉంటే రివెట్ వరస వెంట మాత్రం సోల్డరింగ్ ఐరన్ మొన గుండ్రంగా అరగదీసి, స్కేలు ఆనించి వినైల్‌ని కరిగించి పట్టీ లాగేయండి. బ్లేడు పెట్టొద్దు, క్లాడ్ తెగుతుంది. మిగిలినది ఆ ముక్క రివెట్ అయిన వారంలో తీసేయండి.

తోకతో మొదలు:
ఇవాళే పీకుతున్నా. ఒక షీటు మూల కింద అప్పుడే మసక మచ్చ కనబడుతోంది.

మెరూన్ ప్యాడ్:
గోరు పెట్టి గీరి చూడండి. గోటికి గుంట తగలకపోతే మెరూన్ ప్యాడ్‌తో నాలుగుసార్లు రుద్దితే పోతుంది. తగిలితే ఫోటో పెట్టండి, రుద్దకముందే.